గాడిదల మందను తోలిందెవరు

అత్తగారికీ ఆవిడ అక్కగారికీ మధ్య రోజూ పొద్దున్నే గంటసేపు ఫోను నడిచేది. ఇక్కడ ఒకావిడ కూరగాయలు తరుగుతూ, అక్కడ ఇంకొకావిడ స్వెట్టరు అల్లుతూ లోకంలోని సంగతులన్నీ తిరగేసేవాళ్ళు. ఆ గంట కోడలికి ప్రాణం. అప్పుడు అత్తగారి చూపు పొయ్యి మీద ఉండదు, పొయ్యి దగ్గరున్న కోడలి మీద అసలే ఉండదు. ఉప్పు ఎంత వేశావని గానీ, గిన్నె అడుగెందుకు మాడిందని గానీ అడిగే దిక్కుండదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ గంట విలువ కనిపెట్టిన కోడలు, పెద్దత్తగారి ఆరోగ్యం గురించి ఆవిడ సొంత కూతురి కంటే ఎక్కువ శ్రద్ధగా వాకబు చేస్తుండేది.

అలాంటి ఫోను ఉన్నట్టుండి ఆగిపోయింది. కారణం గాడిద. ఒకటి కాదు, మంద.

పెద్దత్తగారు మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పేసరికి వేళ్ళు బిగుసుకుపోయాయి. రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెబితే, "బంతి పిసికితే చివరికి బంతే మిగులుతుంది" అని ఆవిడ అల్లిక సూదులు పట్టుకున్నారు. అల్లి, విప్పి, ఏడ్చి, మళ్ళీ అల్లి, మొత్తానికి ఒక ఆకుపచ్చ స్వెట్టరు పూర్తి చేశారు. దాని ఒక చెయ్యి రెండో చేతి కంటే కాస్త పొడుగొచ్చిన మాట నిజమే. ఆ ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టగానే చుట్టాలందరూ చప్పట్ల బొమ్మలు కురిపించారు. అత్తగారు పువ్వు బొమ్మ పంపారు. ఆ పువ్వు వాడకముందే అదే ఫోను నుంచి, పళ్ళికిలించి నవ్వుతున్న గాడిద బొమ్మ ఒకటి వెళ్ళింది. దాని తోక పట్టుకుని ఇంకొకటి. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"ఒక గాడిదైతే వేలు జారిందనుకుంటాను. మందను తోలితే అది అభిప్రాయమే" అని కూతురితో అన్నారట పెద్దత్తగారు. అంతే, ఫోను ఎత్తడం మానేశారు. ఏటా చలి మొదలవగానే చెల్లెలి దగ్గరికి వచ్చి ఉండే మనిషి, ఈసారి రానని కూతురి చేత చెప్పించారు.

"నేను ముట్టుకోలేదు మొర్రో" అన్నారు అత్తగారు. ఎవరూ నమ్మలేదు.

"ఫోను తనంతట తానే గాడిదల్ని పంపుతుందా అమ్మా?" అన్నాడు కొడుకు, తల దువ్వుకుంటూ. "పోనీ, పొరపాటైందని ఒక్క ముక్క చెప్పేయ్. పెద్దమ్మ కరిగిపోతుంది."

"చెయ్యని దానికి చెప్పాలిట్రా? చెబితే చేసినట్టే కదా!"

అదీ చిక్కు. క్షమాపణ అడిగితే నేరం ఒప్పుకున్నట్టు, అడక్కపోతే అక్క దక్కదు. అత్తగారు రేడియో పెట్టడం మానేశారు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఖాళీ అయిన ఆ పొద్దుటి గంటను మాత్రం పూర్తిగా కోడలి వంటకే అంకితం చేశారు.

"అమ్మాయ్, ఆ టమాటాలు అంత పెద్ద ముక్కలా?"

"అమ్మాయ్, మూత తీసి చూడు. చూశావా? మళ్ళీ పెట్టు. మళ్ళీ తీసి చూడు."

వారం తిరిగేసరికి కోడలికి గాడిదల సంగతి తేల్చక తప్పదని అర్థమైపోయింది. మొదట తనకీ అనుమానం లేకపోలేదు, స్వెట్టరు చెయ్యి పొడుగు కనక. కానీ అత్తగారిని ఇన్నేళ్ళుగా చూస్తోంది. ఆవిడ ఎవరినైనా దెప్పిపొడిస్తే, పొడిచింది నేనేనని నలుగురిలో ఒప్పుకుని, అక్కర్లేకపోయినా ఇంకో పోటు పొడిచి వస్తారు. అలాంటి మనిషి ముట్టుకోలేదంటే ముట్టుకోలేదన్నమాటే. మరి ముట్టుకున్నదెవరు?

అసలు తనను ముట్టుకున్నారని ఫోనుకి ఎలా తెలుస్తుంది? కోడలు ఫిజిక్సులో డిగ్రీ చదివింది. ఆ పట్టా బీరువాలో దుప్పట్ల కింద వెచ్చగా నిద్రపోతోంది. ఫోను వాడుతూనే ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న వేసుకోనందుకు ఆ పట్టాకి తన మీద కోపం వచ్చి ఉంటుందనిపించింది ఆమెకి.

మర్నాడు కూరగాయల కొట్లో తూకం మెషిన్ ముందు నిలబడింది. కొట్టాయన పెన్ను మూతతో దాని తెర మీద టకటకా పొడుస్తున్నాడు. పొడిచినప్పుడల్లా అంకె పడుతోంది. కోడలు తన ఫోను తీసి అదే మూతతో పొడిచింది. ఫోను ఉలకలేదు, పలకలేదు.

"దీన్ని దేనితో పొడిచినా పలుకుతుందా?" అడిగింది మెషిన్ చూపిస్తూ.

"వంకాయతో పొడిచినా పలుకుతుందమ్మా. గట్టిగా పొడవాలి, అంతే. మొండిది."

ఆమె నిజంగానే ఒక వంకాయ తీసుకుని దాని తొడిమతో నొక్కింది. అంకె పడింది. దగ్గరగా వంగి చూస్తే, నొక్కిన చోట ఆ తెర వేలి కింద చర్మంలా సన్నగా సొట్టపడి మళ్ళీ లేచింది. పైన మెత్తని పొర, కింద ఇంకో పొర, మధ్యలో సందు. నొక్కితే రెండూ అంటుకుంటాయి, అంటుకున్న చోట కరెంటుకి దారి దొరుకుతుంది. ఆ దారి ఎక్కడ తెరుచుకుందో చూసుకుని మెషిన్ లెక్క కడుతుంది. దానికి బలం కావాలి గానీ, బలం ఎవరిదో అక్కర్లేదు.

"అమ్మా, వంకాయ కొంటారా, దానికి చదువు చెబుతారా?" అంది వెనక వరసలో ఒకావిడ.

వంకాయ కొనక తప్పలేదు. అత్తగారి ఫోనుని ఎవరూ నొక్కలేదు కనక, ఈ రకం దీనికి కుదరదనుకుంటూ ఇంటికి వచ్చింది.

రెండు రోజుల తర్వాత అత్తగారి రక్తపోటు చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళారు. గుమ్మంలో నిలువెత్తు టోకెన్ మెషిన్ ఉంది. దాని గాజు చుట్టూ బొటనవేలి మందాన చట్రం. కోడలు వేలు ఇంకా గాజుకి ఆనకముందే టోకెన్ బయటికి వచ్చింది. చేతిసంచీ అంచు పెట్టి చూసింది, మళ్ళీ వచ్చింది. ఈలోగా ఎక్కడినుంచో ఒక బండ ఈగ వచ్చి గాజు మీద తాపీగా వాలింది. మెషిన్ గుర్రుమని ఎముకల విభాగానికి ఒక టోకెన్ ఇచ్చింది.

"రోజూ ఇదే గోలండీ" అంది టోకెన్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నీరసంగా. "ఈగలకి కూడా వరస నంబర్లు ఇస్తుంది."

"ఈగకి ఎముకలెక్కడివే?" అన్నారు అత్తగారు. గాడిదల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

కోడలు చట్రం లోపలి అంచుని వేలితో తడిమింది. అందులోంచి కంటికి కనపడని వెలుగు నిలువుగా, అడ్డంగా దారాల్లా పరుచుకుని ఉంటుంది. మధ్యలో ఏది అడ్డొచ్చినా అక్కడి నిలువు దారం ఒకటి, అడ్డ దారం ఒకటి తెగుతాయి. తెగిన చోటే వేలు అనుకుంటుంది మెషిన్. వేలైనా ఈగైనా దానికి ఒకటే, దానికి నీడ కావాలి. ఫోనుకి చట్రమే లేదు. పైగా ఆ రోజు ఇంట్లో ఈగలూ లేవు. ఈ రకమూ కుదరదు.

బలమూ కాదు, నీడా కాదు. మరి ఫోనుకి కావలసిందేమిటి?

ఆ సాయంత్రం ఆమె ఫోనుని బల్ల మీద పడుకోబెట్టి వంటింటి సామానంతా దాని ముందు పరిచింది. చెక్క గరిటె పెట్టింది, పలకలేదు. గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగు వేసుకుని ముట్టుకుంది, పలకలేదు. సగం కోసిన బంగాళాదుంపని చేత్తో పట్టుకుని తడివైపు ఆనించింది. ఫోను టక్కున తెరుచుకుంది! స్టీలు చెంచా పట్టుకుని దాని గుండ్రటి వీపు ఆనించింది, అదీ పనిచేసింది. అదే చెంచాని చెయ్యి తగలకుండా తెర మీదకి జారవిడిచింది. ఫోను దాన్ని చూడనట్టే ఊరుకుంది.

"ఏమిటిది, ఫోనుకి భోజనమా?" అన్నాడు భర్త ఆఫీసు నుంచి వస్తూనే.

"ఒకే చెంచా అండీ. నేను పట్టుకుంటే వేలు, వదిలేస్తే చెంచా. ఎందుకంటారు?"

"ఆకలిగా ఉంది, అందుకంటాను."

అతనికి వడ్డిస్తూనే ఆలోచించింది, వంకాయ కూర రెండుసార్లు వడ్డించింది. గాజు కింద వెంట్రుక కంటే సన్నని తీగల వల ఉంటుంది. ఆ వలలో పిసరంత విద్యుత్తు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. వేలు దగ్గరికి వచ్చిందంటే అందులో కొంత అటు మళ్ళుతుంది, ఎందుకంటే వేలు వెనక చెయ్యి, చెయ్యి వెనక ఇంత మనిషీ ఉన్నారు. ఆ లోటు ఎక్కడ వచ్చిందో చూసుకుని ఫోను అక్కడ ముట్టుకున్నారంటుంది. నొక్కక్కర్లేదు, ఆనితే చాలు. చెంచా ఒక్కటే ఉంటే ఆ విద్యుత్తు పోవడానికి దాని వెనక చోటు లేదు. మనిషి పట్టుకుంటే ఉంది. అంటే ఫోనుకి కావలసింది వేలు కాదు, వెనక దన్ను ఉన్న ఏ లోహమైనా సరే!

కోడలు గరిటె పట్టుకునే అత్తగారి గదిలోకి పరుగెత్తింది.

"అత్తయ్యా, ఆ రోజు పువ్వు పంపాక ఫోను ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడ పెడతాను? ఎప్పుడూ పెట్టే చోటే. డబ్బాలో."

డబ్బా! ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరికీ తట్టలేదు. అత్తగారికి పాటలు గట్టిగా వినపడాలి. అందుకని ఫోనులో రేడియో పెట్టి, దాన్ని పొడుగాటి స్టీలు డబ్బాలో నిలబెడతారు. డబ్బా బాకాలా మోగుతుంది. వెలుగు కళ్ళలో కొడుతుందని తెర వైపు డబ్బా అంచుకి ఆనిస్తారు. తెర ఆరిపోతే చిరాకని, అది ఎప్పటికీ ఆరకుండా కొడుకు చేత ఏర్పాటు చేయించుకున్నారు కూడా.

"పదండి. ఆ రోజు ఎలా పెట్టారో అలాగే పెట్టాలి. ఒక్క పిసరు తేడా రాకూడదు."

"పోలీసులా ఏమిటే నువ్వు?" అంటూనే లేచారు అత్తగారు. ఆవిడ కళ్ళలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగు కనపడింది.

ఆ రోజు డబ్బా అప్పుడే కడిగినదట. తడి తుడవకుండానే సింకు పక్కనుండే స్టీలు పళ్ళెం మీద పెట్టారట. అలాగే పెట్టారు. ఈసారి గాడిదలు చుట్టాల మీద పడకుండా, కోడలి ఫోనుకే వెళ్ళేలా ఇద్దరి మధ్యా ఉన్న సంభాషణ తెరిచారు. రేడియో మోగుతుండగానే ఒక పువ్వు పంపి, తెర మీద గాడిద ఉన్న బొమ్మల పెట్టె అలాగే తెరిచి ఉంచి, ఫోనుని డబ్బాలో దించారు. ఇద్దరూ గుమ్మం దాకా వెనక్కి నడిచారు.

ఏమీ జరగలేదు. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"తెలుసు. నా మాట డబ్బా కూడా నమ్మదు" అన్నారు అత్తగారు.

"ఇంకేమైనా ఉందా అత్తయ్యా, మర్చిపోయింది?"

"ఏముంది? ఛార్జింగు లేదని వైరు తగిలించాను."

కోడలు వైరు తగిలించింది. గోడలోని కరెంటుకి, నేలలోకి దిగిన నీళ్ళ గొట్టానికి మధ్య ఇప్పుడు ఫోను ఉంది. గొట్టానికి స్టీలు సింకు, సింకుకి పళ్ళెం, పళ్ళేనికి డబ్బా, డబ్బాకి తడి అంచు. చెంచాని మనిషి పట్టుకున్నట్టు, డబ్బాని ఇల్లే పట్టుకుంది. అయినా వాతావరణం సాగుతూనే ఉంది. అది అయిపోయి, డోలు గట్టిగా మోగే పాట ఒకటి మొదలైంది. ఆ దరువుకి డబ్బా వణికింది. డబ్బాలో ఫోను వణికింది. తడి అంచు తెరకి ఆని, విడిచి, మళ్ళీ ఆనింది.

కోడలి చేతిలో ఫోను టింగుమంది. గాడిద.

ఇంకో దరువు. ఇంకో గాడిద.

"చూశావా? చూశావా? తాళం తప్పకుండా వస్తున్నాయి!" అన్నారు అత్తగారు. అని, అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుండిపోయారు. "నేను ముట్టుకోలేదే అమ్మాయ్" అన్నారు మళ్ళీ, చాలా చిన్నగా.

మర్నాడే ఇద్దరూ సంచీలో స్టీలు డబ్బా పెట్టుకుని, రెండు బస్సులు మారి, పెద్దత్తగారింటికి వెళ్ళారు. తలుపు తీసిన పెద్దత్తగారు చెల్లెల్ని పైనుంచి కిందికి చూసి, "రండి" అన్నారు. ఆ 'రండి'కి అత్తగారి మొహం మాడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అక్క తనని 'రావే' అని తప్ప పిలిచి ఎరగదు.

"పెద్దత్తయ్యా, మేం కూర్చోడానికి రాలేదు. మీ వంటింట్లో కాస్త చోటివ్వండి. మీ ఫోను మీ చేతిలోనే పెట్టుకోండి" అంది కోడలు.

"ఎందుకు? ఇంకో మంద వస్తోందా?"

"వస్తుందనే ఆశండీ."

కోడలు అన్నీ అమర్చింది. తడి డబ్బా, వైరు, పువ్వు, డోలు పాట. ముగ్గురూ దూరంగా నిలబడ్డారు. డబ్బా వణికింది, పాట మోగింది. పెద్దత్తగారి చేతిలో ఫోను మాత్రం టింగుమనలేదు. పాట అయిపోయింది.

"బాగుంది. డబ్బా మీద తోసెయ్యడానికి ఇంత దూరం వచ్చారన్నమాట" అన్నారు పెద్దత్తగారు. "చిన్నీ, చిన్నప్పుడు అద్దం పగలగొట్టి పిల్లి మీద పెట్టావు. గుర్తుందా?"

"అది నిజంగా పిల్లేనే అక్కా!"

వాళ్ళిద్దరూ పిల్లి గురించి వాదించుకుంటుంటే కోడలు చెమటలు తుడుచుకుంటూ సింకు వైపు చూసింది. తెల్లగా, నున్నగా మెరిసిపోతున్న పింగాణీ సింకు. దాని పక్కన బండ. ఇక్కడ డబ్బాని పట్టుకునే వాళ్ళే లేరు! ఆమె డబ్బాని జరిపి, ఇత్తడి కొళాయికి ఒరిగేలా ఆనించి, పాట మళ్ళీ పెట్టింది.

పెద్దత్తగారి చేతిలో ఫోను టింగుమంది.

ఆవిడ తెర చూశారు. చెల్లెలి చేతులు చూశారు. అవి రెండూ ఖాళీగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఇంకో గాడిద వచ్చింది. ఆవిడ నవ్వుతారని కోడలు ఎదురుచూసింది. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని డబ్బా దగ్గరికి వెళ్ళి వంగారు.

"కొళాయి నుంచి తీసెయ్" అన్నారు. కోడలు డబ్బా జరిపింది, గాడిదలు ఆగాయి. "పెట్టు." వచ్చాయి. "మళ్ళీ తియ్యి."

అలా అరగంట. ఆ తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళి అల్లిక సూదుల సంచీ తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. వెదురు సూది పెట్టారు, ఫోను పలకలేదు. ప్లాస్టిక్ సూది పలకలేదు. ఊలు ఉండ పలకలేదు. స్టీలు సూది మొనతో పొడిచారు, అదీ లేదు.

"మొన మరీ సన్నం పెద్దత్తయ్యా. వేలంత జాగా కావాలి దానికి. వెనకవైపు పెట్టండి."

సూది వెనక ఇనప గుండీ ఆనించగానే అక్షరం పడింది. పెద్దత్తగారు ఆగిపోయారు. బిగుసుకుపోయిన తన కుడిచేతి వేళ్ళని చూసుకున్నారు. చెయ్యి విరిగినప్పటి నుంచీ ఆవిడ ఒక అక్షరం కొట్టబోతే మూడు పడేవి. సూదిని మాత్రం ఆ చెయ్యి ఎప్పుడూ వదల్లేదు. ఇంకో అక్షరం కొట్టారు, ఇంకోటి. చెల్లెలి ఫోను మోగింది. అందులో ఒకే మాట ఉంది: 'రావే'.

"ఇక్కడే ఉన్నాను కదే" అన్నారు అత్తగారు, ముక్కు ఎగబీలుస్తూ.

"అయితే రా, తొడుక్కుని చూడు." ఆకుపచ్చ స్వెట్టరు బయటికి వచ్చింది. "ఎవరికోసం అల్లాననుకున్నావు? అందుకే అంత మండింది నాకు."

అత్తగారు తొడుక్కున్నారు. ఎడమచెయ్యి సరిగ్గా సరిపోయింది. కుడిచెయ్యి వేళ్ళు దాటి వేలాడింది.

"నీకు చలికి చెయ్యి లోపలికి ముడుచుకునే అలవాటు కదా, అందుకని పొడుగు పెట్టాను" అన్నారు పెద్దత్తగారు.

"మరి ఎడమ చేతికి చలి వెయ్యదా?"

"ఊలు అయిపోయింది. నోరు మూసుకుని తొడుక్కో."

ఆ తర్వాత పొద్దుటి ఫోను మళ్ళీ మొదలైంది. చలి మొదలవగానే వస్తున్నానని పెద్దత్తగారు తానే చెప్పారు. అత్తగారు ఆ స్వెట్టరు వేసుకుని, పొడుగు చెయ్యి బాగా కనపడేలా ఊపుతూ ఫోటో దిగి గ్రూపులో పెట్టారు. నిమిషం గడిచిందో లేదో అక్కగారి ఫోను నుంచి పళ్ళికిలించిన గాడిద ఒకటి వచ్చింది.

"అక్కా! ఏమిటే ఇది?" అన్నారు అత్తగారు ఫోనులో.

"నేను ముట్టుకోలేదే. డబ్బా పని."

అత్తగారు తలెత్తి అలమర వైపు చూశారు. ఆ స్టీలు డబ్బా నిండా చక్కెర పోసుకుని, మూత బిగించుకుని, అక్కడే బుద్ధిగా కూర్చుని ఉంది.

"అవునవును, డబ్బా పనే" అని, ఆవిడ మోకాళ్ళు ముడుచుకుని, టమాటాలు ముందేసుకుని, గంటసేపటికి సరిపడా సర్దుకున్నారు.

పొయ్యి దగ్గర కోడలు కూరలో ఇంకో చిటికెడు ఉప్పు వేసింది. ఎవరూ అడగలేదు.